తడి నేలలో ప్లాంటరు మూత చక్రములను సవరించుకొనుట

మృగశిర కార్తెలో రెండు వానలు గట్టిగా కురిసినవనగా సుబేదారిలో మాటలు మారిపోవును. కచేరీ పనులమీద పల్లెల నుండి వచ్చిన రైతులు టీ అంగళ్ళ వద్ద నిలిచి "మీ దిక్కు ఎంత పడ్డది?", "ప్లాంటరు దొరికిందా?" అని ఒకరినొకరు అడుగుకొనుచుందురు. నైజాము పాలనలో వరంగల్ సుబాకు పెద్దయైన సుబేదారు పేరుమీదుగా ఏర్పడిన ఈ పేట నేడు హనుమకొండ జిల్లా కార్యాలయములకు నెలవు. ఇచ్చటికి వచ్చు రైతులలో ఒకరిది చెల్క, ఒకరిది దుబ్బ, వేరొకరిది నల్లరేగడి. వాన అందరికిని ఒకే దినమున పడవచ్చును గాని, నేల అందరికిని ఒకే దినమున పదునుకు రాదు. ప్లాంటరు మాత్రము ఆ చేను నుండి ఈ చేనుకు, ఈ చేను నుండి ఆ ఊరికి, అదే బిగింపుతో పోవుచుండును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

అదును, పదును అను మాటలను మన రైతులు జంటగానే పలుకుదురు. అదును కాలమునకు చెందినది, పదును నేలలోని తడికి చెందినది. వానాకాలపు మొక్కజొన్నను జూన్ నడుమ నుండి జూలై నడుమలోపల విత్తుట మేలని మీకు తెలిసినదే. ఆ నెల దినములలో వాన విడువక కురిసినచో ఒక ప్రక్క అదును జారిపోవుచుండును, మరియొక ప్రక్క పదును మించిపోయి యుండును. అప్పుడు రెండు వానల నడుమ దొరికిన ఒకటి రెండు ఎండ దినములలో తొందరపడి ప్లాంటరును చేనిలోనికి దింపుదురు. విత్తనము మంచిదే యైనను, ఎరువు సరిగానే పడినను, సాలు తిన్నగా సాగినను, యంత్రము వెనుకనున్న రెండు చిన్న చక్రములు సాలును మూసిన తీరు బాగుగా లేకపోవుటచే చేను పలుచబడిపోవును.

నష్టము ఎంతటిదో లెక్క వేసి చూడుడు. వరుసకు వరుసకు 60 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 20 సెంటీమీటర్లు ఎడముంచి మొక్కజొన్న విత్తినచో ఎకరములో సుమారు 6,700 మీటర్ల పొడవున సాళ్ళు వచ్చును. మీటరుకు 5 మొక్కల చొప్పున ఎకరమునకు 33,000 పైచిలుకు మొక్కలుండవలెను. మీటరుకు ఒక్క గింజ చెడినచో 6,700 మొక్కలు, అనగా ఐదింట ఒక పాలు పోయినట్లే. ఎరువు, కలుపుతీత, ట్రాక్టరు కిరాయి మాత్రము ఎకరమంతటికిని చెల్లింపవలసినదే.

సాలు మూయుట మనకు క్రొత్త పని కాదు. గొర్రును తలచుకొనుడు. జడ్డిగములో పోసిన గింజలు గొట్టముల గుండా సాలులో పడును; గొర్రు వెంట గుంటక నడచి మట్టిని కప్పి, పైన కొద్దిగా అదుమును. విత్తునది ఒకటి, మూయునది మరియొకటి. ఇంగ్లాండులో జెత్రో టల్ అనునతడు 1701 ప్రాంతమున విత్తెడి యంత్రమును చేసెనని గొప్పగా చెప్పుదురు. కాని 1790ల దశకములో దక్షిణ భారతములో ఉండిన కెప్టెన్ హాల్కాట్ అను ఆంగ్లేయుడు మన గొర్రు పనిచేయుచుండగా చూచి, తాను ఐరోపావారి క్రొత్త కల్పన అనుకొన్నది ఇచ్చటి పొలములలో వాడుకలోనే యున్నదని గ్రహించి, ఆ సంగతిని ఇంగ్లాండులోని వ్యవసాయ మండలికి వ్రాసి పంపెను.

పత్తి చేలలో స్త్రీలు అచ్చు తీసిన చోట గింజ వేసి, పాదముతో మట్టిని త్రోసి పోవుట మీరు ప్రతి యేటను చూచుచునే యున్నారు. నేల పొడిగా నున్ననాడు ఆమె మట్టి త్రోసి అడుగుతో అదుమును. తడిగా నున్ననాడు పొడి మట్టిని వ్రేళ్ళతో పైకి నెట్టి, అదుమక ముందుకు సాగును. ఎవరును ఆమెకు నేర్పలేదు. అడుగు క్రింద మట్టి బిగిసిపోవుట ఆమె పాదమునకే తెలియును. ప్లాంటరు చక్రమునకు ఆ తెలివి లేదు. దానికి మనమే చెప్పవలెను.

మన ప్రాంతమున తిరుగుచున్న ప్లాంటర్లు ముఖ్యముగా రెండు తీరులవి. మొదటిది వాలు పళ్ళెముల ప్లాంటరు. దీనిలో ఇనుప కర్రు సాలు తీయును, వెనుక ఒక గొలుసు గాని, రెండు వాలు రేకులు గాని, ఒక వెడల్పాటి చక్రము గాని సాలును మూయును. రెండవది గాలి పీల్పుతో గింజను పట్టి విడిచెడి ప్లాంటరు. దీనిలో రెండు డిస్కులు నేలను కోసి, కోడిముక్కు వంటి సన్నని సాలు తీయును. ప్రక్కలనుండు లోతు చక్రములు డిస్కులు ఎంత దిగవలెనో నిర్ణయించును. వెనుక రెండు రబ్బరు చక్రములు పైన ఎడముగా, క్రింద దగ్గరగా ఏటవాలుగా నిలిచి సాలు అంచులను రెండు ప్రక్కల నుండి నొక్కి మూయును. వీనినే ఈ వ్యాసములో మూత చక్రములని చెప్పుచున్నాము. వీనిపై ఒక స్ప్రింగు, దానికి ఒక మీట, మీటకు గాట్లు ఉండును. మీటను గాటు నుండి గాటుకు మార్చినకొలది నొక్కుడు పెరుగును, లేదా తగ్గును.

తడి నేల సంగతి ఏమి?

పొడి నేలలో నొక్కుడు మేలు చేయును. మొక్కజొన్న గింజ మొలకెత్తుటకు తన బరువులో సుమారు మూడవ వంతు నీటిని పీల్చుకొనవలెను. గింజకు మట్టి ఆనుకొని యుండిననే ఆ నీరు అందును. తడి నేలలో నీటికి కొరత లేదు. అచ్చట గింజకు కావలసినది గాలి, మొలక పైకి వచ్చుటకు వదులు మట్టి. కావున తడిలో మూత చక్రము చేయవలసిన పని గింజను కప్పి, దాని చుట్టు బొలుపు లేకుండ చేయుట మాత్రమే. ఈ ఒక్క తేడాను మరచుట వలననే మనలో పలువురు తప్పు త్రోవ పట్టుచున్నారు.

తప్పు ఎట్లు జరుగునో చూడుడు. తడి రేగడిలో డిస్కులు నడచునపుడు సాలు రెండు ప్రక్కలను కత్తితో వెన్న కోసినట్లు నున్నగా కోసి, గచ్చు పూసినట్లు మెరయజేయును. లోతు చక్రములు ప్రక్క నేలను త్రొక్కి ఇంకను బిగించును. అట్టి సాలు రబ్బరు చక్రములకు సులభముగా మూసుకొనదు, వెనుకకు చూచినచో గింజలు కనబడుచుండును. రైతు అనును: "తమ్మీ, సాలు మూసుకుంటలేదు." డ్రైవరు అనును: "ఇంకో గాటు బిగిస్త పటేలా, బుగులు పడకుండ్రి." బిగించిన పిమ్మట సాలు మూసుకొన్నట్లే కనబడును, ఇరువురికిని తృప్తి కలుగును. కాని ఆ మూత పైపైది. గింజకు పైన మట్టి ఇటుకవలె బిగిసినది, గింజ ప్రక్కల గోడలు ఇంకను గట్టిపడినవి. రేగడిలోని బంకమన్ను తడిసి ఉబ్బి యుండుటచే ఆనాడు ఏమియు తెలియదు. మూడు నాలుగు దినములు ఎండ కాసిన పిమ్మట మన్ను కుంచించుకొని, సరిగా సాలు వెంటనే నెర్రె విడిచి, గింజ బయట పడును. చీమలకును పక్షులకును అది పండుగ. చెల్కలో మరియొక విధముగా చెడును. అచ్చట నెర్రె విడువదు గాని, నొక్కిన మట్టిపై వాన పడి ఆరినంతనే గట్టి పొర కట్టి, మొలక పైకి రాలేక లోపలనే మెలికలు తిరిగి, నేలలోనే ఆకు విప్పును.

మొలచిన మొక్కకును క్షేమము లేదు. వేరు గట్టి గోడలను చీల్చుకొని పోలేక సాలు వెంబడి ముందుకు వెనుకకు మాత్రమే ప్రాకును. మోకాలెత్తు పైరులో ఒక మొక్కను పారతో పెకలించి చూచినచో వేళ్ళు విసనకర్రవలె చదునుగా ఒకే వరుసన పరచుకొని యుండును. అట్టి పైరు వాన విరామములో ముందుగా వాడును, గాలికి ముందుగా పడును. జూలైలో వాడిన చేనును చూచి విత్తనమును, ఎరువును నిందించుటకు ముందు ఒక మొక్కను పెకలించి వేళ్ళను చూడుట మంచిది.

ముందుగా పదును చూడుడు

ఏ సవరణకైనను ముందు చేయవలసిన పని ఒకటి కలదు. పైపొరను చూచి మోసపోకుడు. ఎండకు పైన అంగుళము మేర ఆరి తెల్లబడి యుండవచ్చును. గింజ పడవలసిన 2 అంగుళముల లోతు నుండి పిడికెడు మట్టి తీసి, ముద్దచేసి, బొటనవ్రేలితో నొక్కుడు. ముద్ద పొడిపొడిగా విరిగినచో విత్తవచ్చును. విరుగక, వ్రేలి గుర్తు పడి, చపాతీ పిండివలె సాగినచో ప్లాంటరు గట్టుమీదనే నిలువవలెను. చెల్కలు వాన వెలిసిన ఒకటి రెండు దినములకే పదునుకు రావచ్చును, రేగడికి అంతకంటె చాల దినములు పట్టును. ఒకే చేనులో మెరక పదునై, పల్లము బురదయై యున్నచో మెరకను నేడు విత్తి, పల్లమును విడిచిపెట్టుడు. మరల రావలెనన్న డ్రైవరు గొణుగును. గొణగనిండు.

ఇది మామూలు వానలకు చెప్పిన మాట. 2023 జూలై చివరి వారములో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. అట్టి వానకు ఏ చక్రపు సవరణయు మందు కాదు.

ముద్ద విరిగియు విరుగని స్థితిలో నేల యుండి, ఆకాశము మరల మూసుకొని వచ్చుచున్నదనుకొనుడు. విత్తక తప్పదు. అప్పుడు చక్రములను సవరించుకొనవలెను.

చక్రముల సవరణ

మొదట చూడవలసినది మూత చక్రములను కాదు, ప్లాంటరు చట్రమును. యంత్రమును పనిలోనికి దింపి, ప్రక్కకు నిలబడి చూడుడు. చట్రము నేలకు సమముగా నుండవలెను. ముక్కు క్రిందికి వాలినచో వెనుక చక్రములు నేలను సరిగా తాకవు. ముక్కు పైకి లేచినచో అవి అక్కరకు మించి నొక్కును. ట్రాక్టరు పై లింకును రెండు చుట్లు త్రిప్పినంతనే సరిపడు దోషమునకు స్ప్రింగులతో కుస్తీపట్టుట వ్యర్థము.

తరువాత, రెండు మూత చక్రముల నడిమి రేఖ సరిగా సాలు మీదుగా పోవుచున్నదా చూడవలెను. బుష్షులు అరిగిన పాత యంత్రములలో చక్రములు ఒక ప్రక్కకు జరిగి, ఒకటి సాలులోను, మరియొకటి బయటను నడచుచుండును. అట్టి యంత్రము ఏ గాటులో నుంచినను సాలు మూయదు. గట్టి నేలపై కొద్ది దూరము నడిపి చూచినచో డిస్కుల గీత చక్రముల జాడల నడుమ పడినదో లేదో తెలిసిపోవును.

ఇక నొక్కుడు సంగతి. తడి నేలలో ముందుగా లోతు చక్రములపై పడు బరువును తగ్గింపవలెను. తడిసిన మెత్తని నేలలో డిస్కులు తేలికగానే దిగును, అధిక బరువు సాలు గోడలను బిగించుటకే ఉపయోగపడును. అయితే లోతును 4 సెంటీమీటర్లకు తగ్గనీయరాదు. తడిగా నున్నది కదా, పైపైన విత్తుదమని కొందరు అందురు. మొక్కజొన్నకు నిలిచెడి వేళ్ళు నేల మట్టమునకు ముప్పాతిక అంగుళము క్రింద పుట్టును. గింజ మరీ పైన పడినచో ఆ వేళ్ళకు చోటే యుండదు. అదియును గాక, సాలు లోతు తక్కువైనపుడు మూత చక్రములకు చేరదీయుటకు మట్టి దొరకదు.

పిమ్మట మూత చక్రముల మీటను అన్నిటికంటె వదులు గాటులో పెట్టి, 20 గజములు విత్తి, దిగి చూడుడు. సాలు మూసుకొన్నచో అంతటితో వదలివేయుడు. మూసుకొననిచో ఒక్క గాటు మాత్రమే బిగించి మరల చూడుడు. అనగా వదులు నుండి బిగువునకు పోవలెను గాని, బిగువు నుండి వదులునకు కాదు. రెండు గాట్లు బిగించినను సాలు మూసుకొనలేదనగా లోపము నొక్కుడులో లేదు. నేల ఇంకను పచ్చిగా నున్నది, లేదా ఆ చక్రము ఆ నేలకు తగినది కాదు.

ఇట్టి నేలలకు ముండ్ల చక్రములు కలవు. ఇనుప అంచుకు వ్రేళ్ళవంటి పండ్లుండును. అవి సాలు గోడను నొక్కవు. గ్రుచ్చి, విరిచి, పొడి చేసి గింజపై రాల్చును. అమెరికాలోని బంకనేలల మొక్కజొన్న రైతులు కూడ ఇదే చిక్కుతో పెనగులాడి, వసంతపు తడిలో విత్తుటకు వీనిని విరివిగా బిగించుకొనుచున్నారు. రెండు ప్రక్కలను ముండ్ల చక్రములే వేయుట కంటె, ఒక ప్రక్క ముండ్లది, ఒక ప్రక్క రబ్బరుది ఉంచుట మన మిశ్రమ నేలలకు అనువుగా నుండునని నా అభిప్రాయము. ముండ్లది గోడను విరుచును, రబ్బరుది ఆ మట్టిని హద్దులో నుంచును. రెండును ముండ్లవే యైనచో దుబ్బనేలకు పోయినపుడు మట్టిని ఎగజిమ్మి, తడిని ఆరబెట్టును, ఒక్కొక్కసారి గింజనే కదల్చును. ఏది బిగించినను పండ్లు గింజ లోతువరకు దిగకూడదు. వెనుక ఒక తేలికపాటి గొలుసును వ్రేలాడదీసినచో విరిగిన మట్టి సమముగా పరచుకొనును.

వాలు పళ్ళెముల ప్లాంటరు గలవారికి ఇన్ని మార్గములు లేవు. వెడల్పాటి నొక్కు చక్రమున్నచో తడిలో దానిని పైకెత్తి కట్టివేసి, గొలుసు మాత్రము లాగుట ఉత్తమము. గొలుసు లేనిచో పూర్వము మనవారు చేసినట్లు తుమ్మకంపను కట్టి లాగినను పని జరుగును. ఎగతాళి చేయు పట్టణపు బంధువు ఎవడైన నున్నచో పది దినముల తరువాత మొలకను చూపుడు.

చక్రములకు బురద అంటుకొనుచున్నదా? అంటుకొన్నకొలది చక్రము లావై, లోతు తగ్గును, నొక్కుడు మారును, ఒక్కొక్కచో విత్తిన మట్టినే పెళ్ళలుగా లేపుకొనిపోవును. మట్టిని గీకెడి రేకులు చక్రమునకు దగ్గరగా నున్నవో లేదో ఉదయముననే చూచుకొనవలెను. ప్రతి మలుపునందును దిగి గీకవలసి వచ్చుచున్నదనగా నేల మీకు సమాధానము చెప్పినట్లే, బండి కట్టిపెట్టుడు. వేగము మనిషి వడిగా నడచిన నడకను మించరాదు.

త్రవ్వి చూడక నమ్మకుడు

గట్టుమీద నిలబడి చూచినచో అన్ని సాళ్ళును మూసుకొన్నట్లే కనబడును. కొడవలి గాని, చిన్న పార గాని చేత పట్టుకొని ప్లాంటరు వెంట నడువుడు. సాలుకు అడ్డముగా కోసి, ఒక ప్రక్క మట్టిని మెల్లగా తీసి చూడుడు. గింజ అడుగున ఆనుకొని యున్నదా, గింజ చుట్టు బొలుపున్నదా, గోడలు మెరయుచున్నవా, పైమట్టి వ్రేలు పెట్టినంతనే దిగుచున్నదా అను నాలుగు సంగతులు చూచిన చాలును. పైమట్టిలో వ్రేలు దిగనిచో మొలకయు రాలేదు. ట్రాక్టరు టైర్లు త్రొక్కిన బాటలో పడిన వరుసలను విడిగా చూడుడు. అచ్చట నేల ముందే బిగిసి యుండుటచే మిగిలిన వరుసలకు సరిపడిన గాటు వానికి సరిపడదు. చాల యంత్రములలో ప్రతి వరుసకు స్ప్రింగు వేరుగా నుండును గనుక ఆ వరుసలను విడిగా సవరించుకొనవచ్చును. మధ్యాహ్నమునకు ఎండ కాసి నేల ఆరినపుడు మరల ఒకసారి చూడవలెను. ఉదయము వదులుగా నుంచిన మీటను సాయంత్రమునకు ఒక గాటు బిగింపవలసి రావచ్చును.

వరి కోసిన మడులలో దున్నకుండ యాసంగి మొక్కజొన్న వేయువారు మరింత జాగ్రత్తపడవలెను. దమ్ము చేసిన మడి నేలకు సందులు తక్కువ, తడి ఎక్కువ, సాలు గోడ గచ్చువలె నగుటకు అంతకంటె అనువైన నేల లేదు. అచ్చట ఒకటి రెండు దినములు ఆగుట ఏ ముండ్ల చక్రము కంటెను ఎక్కువ మేలు చేయును.

గ్రామములలో పనిచేయు వ్యవసాయ విస్తరణ అధికారులకు ఒక విన్నపము. కిరాయి ప్లాంటరు నడుపువారికి ఎకరమునకింత అని ముట్టును గనుక దిగి త్రవ్వి చూచుటకు వారికి తీరిక యుండదు. ఇది వారి తప్పు అనుటకంటె లెక్కలోనున్న తప్పు. రోహిణి కార్తెలోనే రైతు వేదిక వద్దకు డ్రైవర్లను, యంత్రముల యజమానులను పిలిచి, గాట్లు, బుష్షులు, గీకు రేకులు ముందుగా చూపించినచో జూన్ తొందరలో ఎవరికిని ఎవరితోను తగవుండదు. నేల తడి, యంత్రము ఎంపికలలో సందేహమున్న వారిని వరంగల్ ములుగు రోడ్డులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానమునకు పంపవచ్చును.

విత్తిన మూడవ నాడును, ఐదవ నాడును చేను చుట్టి రండు. సాలు వెంట నెర్రె కనబడినచో ఇంటిల్లిపాదియు ఒక పూట నడచి పాదముతో మట్టి నెట్టినచో చాలును. మరల విత్తుటకు అగు ఖర్చులో అది పదవ పాలు కూడ కాదు. చెల్కలో పొర కట్టినచో మొలక పైకి రాకముందే కంపను తేలికగా లాగి పొరను చిదుపవలెను. ఖాళీలు తేలినచో వారము పది దినములలోపల నానబెట్టిన గింజలు వేయుడు. ఆ తరువాత వేసినవి ముందు మొక్కల నీడలో గిడసబారును.

మీ చేను ముగిసి ప్లాంటరు ప్రక్క చేనుకు కదలునపుడు, మీటను ఏ గాటులో నుంచినారో డ్రైవరుకును, ఆ చేని రైతుకును చెప్పి పంపుడు. మీది రేగడియై వారిది చెల్కయైనచో, వారు మొదటి సాలు విత్తి మరల త్రవ్వి చూచుకొందురు.